లూయీ పాశ్చరు మహాశయుని జీవితము

మన గ్రామములలో పక్షవాతము సోకినవారిని చూడని బాలుడు ఉండడు. నిన్నటివఱకు పొలమునకు పోయి వచ్చుచుండిన పెద్ద, నేడు వసారాలో మంచముపై ఒక చేయి ఒడిలో పెట్టుకొని కూర్చుండును. మాట తడబడును. దారిని పోవువారు పలుకరించి, ఇంటివారిని చూచి జాలిపడి, ఆయన పని అయిపోయినదని తమలో తామనుకొని వెడలిపోదురు. ఆ మాట రోగి చెవిని పడునని యెవరును తలపరు.

పాశ్చరు అను పేరు పాఠశాలలో చదువు ప్రతి విద్యార్థికిని తెలిసినదే. పాలను మితముగా వేడిచేసి చెడకుండ నిలుపు పద్ధతికి ఆయన పేరే పెట్టిరి. పిచ్చికుక్క కాటునకు టీకా కనిపెట్టినదియు ఆయనయే. కాని ఆ టీకాను మొదటిసారి మనుష్యునకు వేయించునాటికి ఆయన ఎడమ చేయి బిగిసి యుండెననియు, ఎడమ కాలిని ఈడ్చుచు నడచుచుండెననియు, అంతకు పదునేడేండ్ల ముందే ఆయన పని అయిపోయినదని పెద్దలు కొందఱు తీర్మానించిరనియు ఎఱిగినవారు తక్కువ. ఆ కథను ఇచట చెప్పదలచితిని.

లూయీ పాశ్చరు 1822వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన ఫ్రాన్సు దేశమునందలి డోల్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి జీన్ జోసెఫ్ తోళ్లను పదునుపెట్టు వృత్తివాడు. అంతకు ముందు నెపోలియను చక్రవర్తి సైన్యమున సార్జంటుగా పనిచేసినవాడు. లూయీ పసివాడుగా నున్నప్పుడే ఆ కుటుంబము ఆర్బువా అను ఊరికి చేరెను. బాలుడు బడిలో మిక్కిలి చుఱుకైనవాడని పేరుపొందలేదు. బొమ్మలు వ్రాయుటయందు మాత్రము నేర్పరి. రంగు సుద్దలతో ఆయన వ్రాసిన తల్లిదండ్రుల చిత్తరువులు నేటికిని నిలిచియున్నవి. కన్ను చూచినదానిని చేయి తప్పకుండ పట్టుట యను ఆ గుణమే తరువాత శాస్త్రమునందు ఆయనకు పెట్టుబడి యయ్యెను.

పదునైదవ యేట తండ్రి ఆయనను చదువునకై పారిస్ నగరమునకు పంపెను. బాలుడు ఇంటిపై బెంగపెట్టుకొని కొలది వారములకే తిరిగి వచ్చెను. వసతిగృహములో చేరిన క్రొత్తలో కంటనీరు పెట్టుకొను పిల్లలు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొన వచ్చును. తరువాత ఆయన మఱల పోయి, పారిస్‌లోని ఎకోల్ నార్మల్ అను ప్రసిద్ధ విద్యాలయపు ప్రవేశ పరీక్షలో కృతార్థుడయ్యెను. అయినను వరుసలో తన స్థానము తక్కువగా నున్నదని తలచి, ఒక యేడు మఱల చదివి, మఱల పరీక్షకు కూర్చుండి, మెఱుగైన స్థానముతో 1843లో అందు చేరెను.

1848లో, ఇరువదియైదేండ్ల వయసున, ఆయన మొదటి గొప్ప పరిశోధనము చేసెను. ద్రాక్షసారాయి పీపాలలో పేరుకొను టార్టారికామ్లమునకు సంబంధించిన ఒక లవణపు స్ఫటికములను సూక్ష్మదర్శినితో చూచుచుండగా, అవి రెండు విధములుగా నున్నట్లు కనబడెను. కుడిచేయియు ఎడమచేయియు అన్నివిధముల సమానములయ్యు ఒకదానిపై నొకటి సరిగా అమరనట్లే, ఆ రెండు రకముల స్ఫటికములును ఉండెను. పాశ్చరు ఒక్కొక్క స్ఫటికమును ఓపికతో ఏఱి, కుడివానిని ఒక కుప్పగను ఎడమవానిని ఒక కుప్పగను వేఱుచేసి, వాని గుణములు భిన్నములని నిరూపించెను. ఇది మాటలతో గెలిచిన గెలుపు కాదు. రెండు చేతుల నేర్పుతో గెలిచిన గెలుపు. ఆ చేతులనుగూర్చి ఇక ముందు చెప్పవలసి యున్నది గావున ఈ విషయమును కొంత వివరించితిని.

1849లో ఆయన స్ట్రాస్‌బూర్గు నగరమున ఆచార్యుడై, అచటి విద్యాధికారి కుమార్తె యగు మేరీని వివాహమాడెను. పగలెల్ల భర్త చేసిన ప్రయోగములను రాత్రులందు ఆయన చెప్పుచుండగా ఆమె వ్రాసిపెట్టుచుండెను. 1854లో లీల్ నగరమునకును, 1857లో మఱల పారిస్‌లోని ఎకోల్ నార్మల్‌కును ఆయన మాఱెను. పిండి పులియుట, పాలు విఱుగుట, ద్రాక్షసారాయి పుల్లబడుట మున్నగునవి కంటికి కనబడని సూక్ష్మజీవుల పనియని ఈ కాలమున ఆయన కనిపెట్టెను. ఆ జీవులు తమంతట తామే పుట్టవనియు, గాలిలోని ధూళితో వచ్చి చేరుననియు, హంస మెడవలె వంగిన గొట్టముగల గాజుబుడ్లతో ప్రయోగములు చేసి చూపెను. 1862లో శాస్త్ర పరిషత్తు ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను.

కీర్తి వచ్చిన ఆ దినములలోనే ఇంట దుఃఖమును వచ్చెను. 1859లో పెద్ద కుమార్తె, 1865లో రెండేండ్ల బిడ్డ, 1866లో పండ్రెండేండ్ల సెసిల్ మరణించిరి. తండ్రియు 1865లోనే గతించెను. ఆ సంవత్సరమే ఫ్రాన్సు దక్షిణ జిల్లాలలో పట్టుపురుగులకు ప్రబలిన తెగులును పరిశీలింపుమని గురువైన డ్యూమా ఆయనను కోరెను. 1853లో సుమారు 2 కోట్ల 60 లక్షల కిలోగ్రాముల పట్టుకాయలు పండిన ఆ దేశమున 1865 నాటికి 40 లక్షల కిలోగ్రాములు మాత్రమే పండుచుండెను. మల్బరీ తోటలను నమ్ముకొన్న కుటుంబములు దరిద్రమున పడెను. పాశ్చరు అంతవఱకు పట్టుపురుగును చేతితో తాకియైన ఎఱుగడు. అయినను గురువు మాటను కాదనలేక అలే అను ఊరికి పోయి, ఏటేట అచట నెలల తరబడి నిలిచి, తెగులు సోకిన పురుగు గ్రుడ్లను సూక్ష్మదర్శినితో గుర్తించి వేఱుచేయు మార్గమును కనిపెట్టెను. నిద్రాహారములు సరిగా లేక, ఒకదాని వెంట ఒకటిగా వచ్చిన శోకములతో, మితిలేని శ్రమతో ఇట్లు మూడేండ్లు గడచెను.

1868వ సంవత్సరము అక్టోబరు 19వ తేదీ సోమవారము. నాటి ఉదయము పాశ్చరునకు ఎడమ ప్రక్క యంతయు జిల్లుజిల్లుమని తిమ్మిరి పట్టినట్లు తోచెను. మధ్యాహ్నము ఒడలు వణకెను. మేరీ వారించినను వినక, శాస్త్ర పరిషత్తు సభకు పోయి, పట్టుపురుగులపై తన పద్ధతిని సమర్థించుచు ఒక ఇటలీ దేశీయుడు వ్రాసిన వ్యాసమును నిలుచుండి చదివెను. సభ ముగిసిన పిమ్మట స్నేహితులు ఇంటివఱకు తోడుగా వచ్చిరి. రాత్రి పడుకొనగానే మఱల తిమ్మిరి ఎక్కెను. కొంతసేపు మాట పడిపోయెను. మాట తిరిగి రాగానే సహాయమునకు పిలిచెను. వైద్యులు వచ్చిరి. గంటలు గడచుకొలదియు ఎడమ చేయియు, ఎడమ కాలును కొంచెము కొంచెముగా స్వాధీనము తప్పి, తుదకు పూర్తిగా చచ్చుపడెను. అప్పటికి ఆయనకు నలువదియాఱేండ్లు ఇంకను నిండలేదు.

పక్షవాతము అన నేమో ఇచట తెలిసికొనవలెను. గాలి సోకుటచేతనో, శాపముచేతనో అది వచ్చునని మనలో కొందఱు నేటికిని తలతురు. అది గాలియు కాదు, శాపమును కాదు; మెదడులోని రక్తనాళములకు కలుగు ప్రమాదము. మెదడు నిమిషమైన రక్తము లేక నిలువజాలదు. ఒక నాళములో నెత్తురు గడ్డకట్టి అడ్డుపడినను, నాళము చిట్లి నెత్తురు మెదడులోనికి చిమ్మినను, ఆ చోటి నాడీకణములు చచ్చిపోవును. పెద్దనాళమొకటి మూసికొనినచో నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని ఈ శతాబ్దపు శాస్త్రజ్ఞులు లెక్కించిరి. మెదడు కుడిభాగము శరీరపు ఎడమ ప్రక్కను, ఎడమభాగము కుడి ప్రక్కను నడపును. కావున పాశ్చరునకు దెబ్బ తగిలినది కుడి మెదడునకు. చాలమందిలో భాషకు స్థానము ఎడమ మెదడు. ఈ సంగతిని తెలిసికొనుటకు దారి చూపిన పరిశీలనమును, పాశ్చరు పడుటకు ఏడేండ్ల ముందు, 1861లో, ఆ పారిస్ నగరముననే బ్రోకా అను వైద్యుడు ప్రకటించెను. పాశ్చరునకు మాట త్వరలోనే తిరిగి వచ్చుటకును, బుద్ధి తేటగా నిలుచుటకును, ఎడమ మెదడు చెడకుండుటయే ముఖ్య కారణమై యుండవచ్చును.

అయితే నాటి వైద్యుల చేతిలో ఏ సాధనము కలదు? నాళము మూసికొనెనో చిట్లెనో చూపు యంత్రము లేదు. చేతికి పట్టీ చుట్టి రక్తపుపోటును కొలుచు సాధనమైనను 1896లో గాని, అనగా పాశ్చరు మరణించిన మఱుసటి యేడు గాని, వెలువడలేదు. వారు తమ కాలపు వాడుక ననుసరించి చెవుల వెనుక జలగలను పట్టించిరి. తక్కినది రోగి దేహబలమునకును, ఇంటివారి సేవకును విడిచిరి.

ఆ సేవ గొప్పది. మేరీ రేయింబవళ్లు మంచము విడువలేదు. జెర్నే, ద్యుక్లో, రోలెన్ మున్నగు శిష్యులు వంతులు వేసికొని ప్రక్కన కూర్చుండిరి. తాను బ్రతుకనని తలచిన పాశ్చరునకు చావునకంటె, పట్టుపురుగుల పని సగములో నిలిచిపోవుట ఎక్కువ బాధగా నుండెను. పడిన వారము తిరుగకముందే, ఒక రాత్రి, ఆయన జెర్నేను పిలిచి, పురుగులకు వచ్చు మఱియొక తెగులును ముందుగా గుర్తించు ఉపాయమును నోటితో చెప్పి వ్రాయించెను. మంచముపై కదలలేని మనుష్యుడు చెప్పిన ఆ వ్యాసమును అక్టోబరు 26వ తేదీ పరిషత్తు సభలో చదివిరి.

అదే సమయమున మఱియొక సంగతి జరిగెను. పాశ్చరు కొఱకు విద్యాలయపు తోటలో ఒక క్రొత్త ప్రయోగశాలను ప్రభుత్వమువారు కట్టించుచుండిరి. మంచముపైనుండి ఆయన ప్రతిదినము, గోడలు ఎంతవఱకు లేచినవని అడుగుచుండెను. ఇంటివారు కిటికీలోనుండి తొంగిచూచి ఏదో యొక మాట చెప్పి తప్పించుకొనుచుండిరి. నిజమేమనగా, ఆయన పడిన నాటినుండి పనివాండ్రు ఒక్కరును రాలేదు. ఈయన ఇక లేవడనియు, లేవని వానికి ప్రయోగశాల ఎందుకనియు తలచి అధికారులు పని నిలిపివేసిరి. నిజము తుదకు పాశ్చరు గ్రహించెను. రోగము చేయలేని గాయమును ఆ నిలిచిన గోడలు చేసెను. ఈ సంగతి మూడవ నెపోలియను చక్రవర్తికి తెలియగా, ఆయన వెంటనే మంత్రికి వ్రాసి, పనిని మఱల సాగింపుమనెను. తాపీపనివారు తిరిగి వచ్చిరి. మందుకంటె ఈ వార్త పాశ్చరునకు బలమిచ్చెనని చెప్పుట అతిశయోక్తి కాదు.

1869 జనవరిలో, పడి మూడు నెలలు నిండకముందే, వైద్యులు వలదనుచున్నను, ఆయన దక్షిణమునకు ప్రయాణమయ్యెను. ఒకరి భుజముపై ఆనుకొనిన గాని అడుగు పడదు. పట్టుపురుగుల పెంపకము మొదలగు కాలము సమీపించుచుండెను. ఆ యేడు తప్పినచో మఱల ఏడాది వేచియుండవలెను. అచట ఒకనాడు రాతినేలపై పడి గాయపడగా, వచ్చిన కొంచెపు నడకయు కొన్ని దినములు వెనుకబడెను. పక్షవాతమునుండి కోలుకొనువారికి పడిపోవుట ఎంత చేటో దీనివలన తెలియును. అయినను ఆయన మానలేదు. పడకకుర్చీలో కూర్చుండి ప్రయోగములను పంచిపెట్టెను. శిష్యులు సూక్ష్మదర్శినితో చూచి చెప్పుచుండిరి; ఆయన విని తీర్మానించుచుండెను. తరువాతి యేడు చక్రవర్తి కుమారునికి చెందిన విల్లా విసెంటీనా అను ఎస్టేటునందు, ఎన్నో యేండ్లుగా నష్టమే చూపిన పట్టుపంట, ఆయన ఏఱి యిచ్చిన గ్రుడ్లతో లాభము చూపెను. పట్టుపురుగుల వ్యాధులపై ఆయన రచించిన గ్రంథము 1870లో వెలువడెను. అందు అధిక భాగమును ఆయన చెప్పగా మేరీ వ్రాసెను.

కోలుకొనుట అనగా నేమో ఈ జీవితము మనకు చక్కగా బోధించును. చచ్చిన నాడీకణములు మఱల బ్రతుకవు. కాని మెదడునందు మిగిలిన భాగములు, చేసిన పనినే మఱల మఱల చేయుటవలన, చెడిన భాగపు పనిని కొంతవఱకు నేర్చుకొనును. పసిబిడ్డ నడక నేర్చినట్లే పెద్దవాడు మఱల నడక నేర్వవలెను. మొదటి మూడు నాలుగు నెలలలో గుణము వేగముగా కనబడును. తరువాత మందగించును గాని నిలిచిపోదు. తఱచుగా కాలు ముందు వచ్చును. చేయి, అందును వ్రేళ్లు, ఆలస్యముగా వచ్చును, లేక పూర్తిగా రాకయే పోవును. పాశ్చరునకు అట్లే జరిగెను. నడక వచ్చెను గాని కుంటు పోలేదు. ఎడమ చేయి ముడుచుకొని బిగిసిపోయి, చచ్చువఱకు అట్లే యుండెను. స్ఫటికములను ఏఱిన ఆ రెండు చేతులలో ఒకటి మాత్రమే మిగిలెను.

ఇచటనే ఆయన గొప్పతనము కనబడును. పోయినదానికై కూర్చుండి ఏడ్వక, తన పనిని మిగిలిన శక్తికి తగినట్లు మాఱ్చుకొనెను. ప్రయోగములయందు సున్నితమైన పనులను ఎమీల్ రూ, షాంబర్లాన్ మున్నగు యువకులు చేయుచుండిరి. ఆయన చూచుచు, ప్రశ్నించుచు, తన కుడిచేతితో నోటు పుస్తకములలో వ్రాసికొనుచుండెను. ఇతరుల చేతులతో పనిచేయుట సులభము కాదు. తాను ఒక్క నిమిషములో చేయగల పనిని మఱియొకనికి వివరించి చెప్పి, అతడు చేయువఱకు ఓర్చుకొనవలెను. ఆ ఓర్పును నేర్చుకొనుటయు కోలుకొనుటలో ఒక భాగమే.

ఇట్లు చేసిన పనుల పట్టికను చూచినచో ఆశ్చర్యము కలుగును. 1876లో బీరు పానీయముపై గ్రంథము వెలువడెను. 1877 మొదలు పశువుల దొమ్మరోగమును పరిశోధించెను. 1880 ప్రాంతమున, కోళ్ల కలరా సూక్ష్మజీవులు కొంతకాలము నిలువయుంచిన పిమ్మట బలము తగ్గి, వ్యాధిని కలిగింపక రక్షణ నిచ్చునని కనిపెట్టెను. 1881 మే మాసమున పుయీ లె ఫోర్ అను గ్రామమున 24 గొఱ్ఱెలకును ఒక మేకకును కొన్ని ఆవులకును దొమ్మరోగపు టీకా వేయించి, మఱి 24 గొఱ్ఱెలను ఒక మేకను టీకా లేక విడిచి, తరువాత అన్నిటికిని బలమైన రోగబీజమును ఎక్కించెను. జూన్ 2వ తేదీన జనులు వచ్చి చూడగా టీకా వేసిన గొఱ్ఱెలు మేయుచుండెను. టీకా లేనివి చచ్చినవియు, చచ్చుచున్నవియు నై యుండెను.

1885 జూలై 6వ తేదీన ఆల్సేసు ప్రాంతమునుండి ఒక తల్లి తొమ్మిదేండ్ల కుమారుని వెంటబెట్టుకొని ఆయన వద్దకు వచ్చెను. బాలుని పేరు జోసెఫ్ మైస్టర్. రెండు దినములకు ముందు పిచ్చికుక్క అతనిని పదునాలుగు చోట్ల కఱచెను. పిచ్చికుక్క కాటువలన వచ్చు వ్యాధి ముదిరినచో చావు తప్పదు. పాశ్చరు కుక్కలపై ఈ టీకాను గూర్చి ప్రయోగములు చేయుచుండెను గాని మనుష్యునకు వేయుటకు ధైర్యము చాలలేదు. ఆ పద్ధతిని ఇంకను ఎక్కువగా పరీక్షించి యుండవలసినదని ఆయన నోటు పుస్తకములను చూచిన తరువాతి చరిత్రకారులును వ్రాసిరి. పైగా ఆయన వైద్యుడు కాడు. సూది వేయు అధికారము లేదు. వుల్పియాన్, గ్రాంషే అను ఇరువురు వైద్యులను సంప్రదింపగా, బాలుడు టీకా లేనిచో చచ్చుట నిశ్చయమని వారు అభిప్రాయపడిరి. ఆ సాయంకాలమే గ్రాంషే సూదిని వేసెను. పది దినములలో పదుమూడు సూదులు. దినదినమునకు మందు బలము పెంచుచుండగా పాశ్చరునకు రాత్రులు నిద్ర లేదు. బాలుడు బ్రతికెను. పెద్దవాడైన పిమ్మట పాశ్చరు సంస్థయందే కావలివాడుగా కొలువు చేసి 1940లో మరణించెను.

ఆ యేడే మఱియొక పదేండ్ల బాలికను, కుక్క కఱచిన 37 దినములకు గాని, ఆయన వద్దకు తీసికొని రాలేదు. కాలము మించినదని ఆయనకు తెలియును. ఆమె చనిపోయినచో టీకాపై నింద పడుననియు తెలియును. అయినను తల్లిదండ్రుల కన్నీరు చూచి కాదనలేక టీకా వేయించెను. బాలిక దక్కలేదు. చికిత్స ఎంత మంచిదైనను కాలము మించినచో వ్యర్థమని ఆ మరణము లోకమునకు చాటెను. ఈ మాటను మనము మఱల తలంపవలసి యున్నది.

1887 అక్టోబరులో పాశ్చరునకు రెండవసారి పక్షవాతము వచ్చి మాటను దెబ్బతీసెను. లోకులిచ్చిన చందాలతో కట్టిన పాశ్చరు సంస్థను 1888 నవంబరు 14వ తేదీన తెఱచినప్పుడు, ఆయన వ్రాసిన ఉపన్యాసమును కుమారుడు చదువవలసి వచ్చెను. 1892లో డెబ్బదవ జన్మదినోత్సవమునకు దేశాధ్యక్షుని చేయి పట్టుకొని సభకు నడచి వచ్చెను. 1895 సెప్టెంబరు 28వ తేదీన, డెబ్బది రెండవ యేట, పారిస్ సమీపమున తనువు చాలించెను. ఆయన దేహము ఆ సంస్థ భవనముననే సమాధి చేయబడి యున్నది. 1907లో నీలగిరులయందు కూనూరులో దక్షిణ భారత పాశ్చరు సంస్థ వెలసెను. అప్పుడు మన ఆంధ్ర జిల్లాలు పెక్కు మద్రాసు రాజధానిలోనివే గావున ఆ సంస్థ సేవ మనవారికిని అందెను.

విద్యార్థులారా! పాశ్చరునకు లేని భాగ్యము నేడు మనకు కలదు. మెదడును చిత్రించి నాళము మూసికొనెనో చిట్లెనో చూపు యంత్రములు 1970లనుండి వచ్చినవి. నాళములోని గడ్డను కరగించు మందు పక్షవాతమునకు పనిచేయునని 1995లో, ఆయన మరణించిన నూఱేండ్లకు, నిరూపింపబడెను. కాని ఆ మందును వ్యాధి మొదలైన నాలుగున్నర గంటలలోపల ఈయవలెను; గడ్డను గొట్టముతో తీసివేయు చికిత్సకు కొందఱిలో మాత్రము ఇంకను ఎక్కువ గడువు కలదు. కావున ఇంటిలో ఎవరికైనను ఆకస్మాత్తుగా మూతి ఒక ప్రక్కకు వంకరపోయినను, ఎత్తిన రెండు చేతులలో ఒకటి జాఱిపోయినను, మాట ముద్దగా వచ్చినను, వెంటనే గడియారము చూచి వేళను గుర్తుంచుకొని, 108కి ఫోను చేసి, ఇట్టి యంత్రములుగల ఆస్పత్రికి చేర్పవలెను. తిమ్మిరి తగ్గినదని ఊరకుండరాదు. పాశ్చరునకు నాటి ఉదయము అట్లే మొదలయ్యెను. నోటిలో నీరుగాని మందుగాని పోయరాదు. మ్రింగుట చెడియున్నచో అది ఊపిరితిత్తులలోనికి పోవును. పావురపు నెత్తురు పూయుటయు, పసరు త్రాగించుటయు విలువైన గంటలను పోగొట్టుటయే. రక్తపుపోటును కొలిపించుకొని అదుపున నుంచుట, ఉప్పు తగ్గించుట, పొగాకు మానుట, మధుమేహమును గమనించుకొనుట, ఇవి ముందు జాగ్రత్తలు.

ఇక ఇంటికి తిరిగి వచ్చిన రోగి మాట. పడినవారిలో చాలమందికి మనసు క్రుంగిపోవును. ఏడ్పు, కోపము, అలసట త్వరగా కలుగును. అది వారి గుణదోషము కాదు. అదియు వ్యాధిలోని భాగమే. వారితో నెమ్మదిగా మాటలాడవలెను. మాట వెదకుకొనుచున్నచో వేచియుండవలెను. చేయగల పనిని వారిచేతనే చేయింపవలెను. పడకుండ ప్రక్కన నిలువవలెను. ఈ పనులకు వైద్యశాస్త్రము చదువ నక్కఱలేదు. మీ తాతగారి చేతి వ్రేళ్లను పూటకు పదిమాఱులు చాపించి ముడిపించుట పదేండ్ల బాలునకును సాధ్యమే.

పాశ్చరు మంచముపై నుండగా గోడలు కట్టుట మానిన అధికారులు దుష్టులు కారు. లోకము అనుకొనునట్లే వారును అనుకొనిరి. కాని వారి తలంపే నిలిచియున్నచో, ఆ తొమ్మిదేండ్ల బాలుని తల్లికి 1885లో పోవుటకు తలుపు లేకుండెడిది. మన ఇంటి వసారాలో కూర్చున్న పెద్దకొఱకు మనము ఏ గోడను కట్టుట మానితిమో నేటి సాయంకాలము ఇంటికి పోయి చూచుకొందము.